బొమ్మ బాగుంది, అంకెలు తప్పాయి: సెగ్-వై ఎక్స్‌పోర్ట్‌లో మాయమైన ఏవీఓ

ప్రాసెసింగ్ పూర్తయిన సైస్మిక్ డేటాను (భూమిలోపలి పొరల నుంచి తిరిగొచ్చిన తరంగాల రికార్డును) సెగ్-వై (ఆ డేటాకు వాడే ప్రామాణిక ఫార్మాట్) ఫైళ్లుగా రాసి ఇవ్వడమంటే చాలామంది దృష్టిలో చివరి రోజు గుమాస్తా పని. నెలల తరబడి స్టాటిక్స్ (నేల పైపొర వల్ల వచ్చే కాల సవరణలు) మీదా వెలాసిటీల (రాళ్లలో తరంగాల వేగాలు) మీదా తలలు బద్దలు కొట్టుకున్నవాళ్లు కూడా ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఒక బటన్ నొక్కి ఊపిరి పీల్చుకుంటారు. ఈ కేసులో స్టాటిక్స్ బాగున్నాయి, వెలాసిటీలు బాగున్నాయి, మైగ్రేషన్‌కు (రిఫ్లెక్షన్లను వాటి అసలు చోటికి చేర్చే మెట్టుకు) వంక పెట్టడానికి లేదు. చెడిందల్లా ఆ చివరి మెట్టులోనే. అక్కడ మాయమైంది ఏవీఓ, అంటే కోణం మారేకొద్దీ రిఫ్లెక్షన్ బలం మారే తీరు. చెడిన సంగతి తెరమీద కనబడకపోవడం వల్ల అందరూ చాలాకాలం వేరేచోట వెతికారు. అందుకే దీన్ని వివరంగా రాసి పెడుతున్నాను. సర్వే ఎక్కడిదో, ఎవరిదో, బావుల పేర్లేమిటో వదిలేశాను. కోఆర్డినేట్లు మార్చాను.

నేపథ్యం

భూమ్మీద చేసిన 3డీ సర్వే ఇది. పక్కపక్కనే వేర్వేరు కాలాల్లో రికార్డు చేసిన రెండు పాత సర్వేలను కలిపి, మొదటి నుంచీ మళ్లీ ప్రాసెస్ చేశారు. ప్రీస్టాక్ టైమ్ మైగ్రేషన్ అయ్యాక అప్పగించాల్సినవి: ఒక ఫుల్ స్టాక్ (అన్ని కోణాల రికార్డులను కలిపినది), మూడు యాంగిల్ స్టాక్‌లు (కోణాల వారీగా విడిగా కలిపినవి: నియర్ 5–15 డిగ్రీలు, మిడ్ 15–25, ఫార్ 25–35), మైగ్రేషన్ గ్యాదర్లు (కలపకముందరి రికార్డుల గుంపులు), వెలాసిటీలు. శాంపిల్ ఇంటర్వెల్ 2 మిల్లీసెకన్లు, పొడవు 6 సెకన్లు, అంటే ట్రేసుకు (ఒక చోటి రికార్డుకు) 3001 శాంపిళ్లు. చివరి స్కేలింగ్‌లో ఆర్‌ఎంఎస్ ఆంప్లిట్యూడ్ (తరంగ బలానికి ఒక సగటు కొలత) సుమారు 1 ఉండేలా చూసుకున్నారు. ఈ చివరి వివరం చిన్నదే గానీ, కథ మొత్తం దాని చుట్టే తిరుగుతుంది.

యాంగిల్ స్టాక్‌లు అడిగిందే ఏవీఓ కోసం, ఆపైన ఇన్వర్షన్ (ఆ బలాల నుంచి రాతి గుణాలు లెక్కగట్టడం) కోసం. బావిలో తగిలిన గ్యాస్ ఇసుకరాయి క్లాస్ 3 రకం. రూథర్‌ఫర్డ్, విలియమ్స్ 1989లో చేసిన వర్గీకరణలో ఈ రకానికి గుర్తు ఏమిటంటే, నియర్‌లోనే ట్రఫ్ (అల లోయ; అల శిఖరం పీకు) బలంగా ఉంటుంది, కోణం పెరిగేకొద్దీ ఇంకా బలపడుతుంది. బావి లాగుల (బావిలో తీసిన కొలతల) నుంచి తయారుచేసిన సింథటిక్ (లెక్కతో కట్టిన) గ్యాదర్‌లో ఇది స్పష్టంగా ఉంది.

ఫార్మాట్ గురించి ఒప్పందంలో ఒకే వాక్యం ఉంది: సెగ్-వై, 32 బిట్ ఐ ట్రిపుల్ ఈ ఫ్లోట్ (దశాంశ సంఖ్యలను బైట్లలో రాసే ఒక ప్రమాణం). నా పాత్ర ప్రాసెసింగ్ బృందానికీ ఇంటర్‌ప్రిటేషన్ బృందానికీ నడుమ అప్పగింతల తనిఖీ. ఫిర్యాదు ముదిరాక నన్ను పిలిచారు.

కేసు అర్థం కావాలంటే ఫార్మాట్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. సెగ్-వై 1975లో టేపుల కోసం పుట్టింది. మొదట 3200 బైట్ల టెక్స్ట్ హెడర్: 80 అక్షరాల వరుసలు 40. తర్వాత 400 బైట్ల బైనరీ హెడర్. ఆపైన ఒక్కో ట్రేసుకు 240 బైట్ల హెడర్, దాని వెంట శాంపిళ్లు. ఆ రోజుల్లో లెక్కలు ఎక్కువగా ఐబీఎం మెయిన్‌ఫ్రేముల మీదే కాబట్టి శాంపిళ్లకు ఐబీఎం ఫ్లోట్ వాడారు. బైనరీ హెడర్‌లో 3225–3226 బైట్ల దగ్గర ఉండే ఫార్మాట్ కోడ్ అప్పుడు 1. ఐ ట్రిపుల్ ఈ ఫ్లోట్ ప్రమాణం 1985లో వచ్చింది. సెగ్-వై మాత్రం దాన్ని కోడ్ 5గా 2002 నాటి రివిజన్ 1లో గానీ చేర్చుకోలేదు. రెండూ 4 బైట్లే. ఫైలు సైజు ఒకటే, హెడర్లు ఒకటే. ఆ 4 బైట్లను ఎలా చదవాలో చెప్పేది రెండు బైట్ల కోడ్ ఒక్కటే. ఆ కోడ్ అబద్ధమాడితే పట్టుకోవడానికి ఫైల్లో ఇంకే ఆధారమూ లేదని అందరూ అనుకుంటారు. ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

వచ్చిన సమస్య

ఇంటర్‌ప్రిటేషన్ బృందం నాలుగు స్టాక్‌లూ లోడ్ చేసుకుంది. హొరైజన్లు (పొరల హద్దులు) చక్కగా పిక్ అయ్యాయి, ఫాల్టులు స్పష్టంగా ఉన్నాయి, ఫుల్ స్టాక్‌తో బావి టై (బావి కొలతలతో పోలిక) కుదిరింది. యాంగిల్ స్టాక్‌లలోనూ రిఫ్లెక్టర్లు సరిగ్గా అదే టైమ్‌లో ఉన్నాయి. కానీ రిజర్వాయర్ మీద ఫార్, నియర్ ఆంప్లిట్యూడ్‌ల నిష్పత్తి మ్యాపు వేస్తే ఎక్కడ చూసినా 1కి కొంచెం పైన. గ్యాస్ ఉన్నచోటా అంతే, నీళ్లున్నచోటా అంతే. బావి దగ్గర సింథటిక్ రెట్టింపు చూపిస్తుంటే, డేటాలో పదో వంతు పెరుగుదల కూడా కష్టంగా ఉంది. సమీక్షలో ఇంటర్‌ప్రిటేషన్ చూసే ఆవిడ అడిగిన ప్రశ్న సూటిది: "మా ఏవీఓ ఎక్కడికి పోయిందండీ?"

నిందపడింది ప్రాసెసింగ్ మీద. అది సహజమే. నిష్పత్తులు ఇలా చదునైపోతే అనుభవమున్న ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఏజీసీ (ఆంప్లిట్యూడ్‌ను అన్నిచోట్లా ఒకే స్థాయికి తెచ్చే గెయిన్), లేదా స్టాక్‌కు స్టాక్ ఆంప్లిట్యూడ్ సరిచేసే బ్యాలెన్సింగ్. ఎవరో ఫ్లోలో అలాంటి మాడ్యూల్ తీసేయడం మరిచిపోయి ఉంటారని అందరి ఊహ.

ప్రయత్నించినవి, పని చేయనివి

మొదట ప్రాసెసింగ్ బృందం యాంగిల్ స్టాక్‌ల ఫ్లోను మాడ్యూల్ వెంట మాడ్యూల్‌గా తిరగేసింది. ఏజీసీ లేదు. చివర్లో ఒక నెమ్మదైన టైమ్ గెయిన్ ఉంది, అది మూడు స్టాక్‌లకూ ఒకటే. అయినా అనుమానం తీర్చుకోవడానికి దాన్నీ తీసేసి ఫార్ స్టాక్ మళ్లీ తయారుచేసి పంపారు. ఇంటర్‌ప్రిటేషన్ వైపు మళ్లీ అదే నిష్పత్తి. గెయిన్ తీసినా నిష్పత్తి కదలలేదంటే కారణం గెయిన్ కాదని తేలినట్టే. కానీ అప్పుడు ఎవరూ అలా చదవలేదు. "ఇంకెక్కడో ఉంది" అని ఇంకా వెనక్కి, మైగ్రేషన్ ముందరి సర్ఫేస్ కన్సిస్టెంట్ స్కేలింగ్ (షాట్‌కూ రిసీవర్‌కూ నడుమ బలాల తేడాలను సమం చేసేది) దాకా పోయారు. ఖరీదైన దారి అది. అక్కడ ఏ నాబ్ తిప్పినా మైగ్రేషన్ మళ్లీ నడపాలి.

నడుమ ఒక మంచి ప్రశ్న వచ్చింది: ఫార్మాట్ తప్పుగా చదువుతున్నామేమో? లోడర్‌లో కోడ్‌ను పక్కనబెట్టి ఐబీఎంగా చదవమని బలవంతం చేసే సదుపాయం ఉంది. వర్క్‌స్టేషన్ చూసే కుర్రాడు దాన్ని ఫుల్ స్టాక్ మీద ప్రయత్నించాడు. సెక్షన్ తుక్కుతుక్కు అయిపోయింది. బలమైన శిఖరాల నడినెత్తిన గుంటలు, మిగతాదంతా బూడిద. దాంతో ఫైళ్లు ఐ ట్రిపుల్ ఈలోనే ఉన్నాయని, ఫార్మాట్ సమస్య కాదని రాసి ఆ దారి మూసేశారు.

ఈ తీర్మానంలో రెండు లొసుగులు ఉన్నాయి. పరీక్షించింది ఒక ఫైలు, తీర్పు నాలుగింటికి. రెండోది ఇంకా లోతైంది: ఫార్మాట్ తప్పితే బొమ్మ చెడిపోతుందన్న నమ్మకం. ఒక దిశలోనే అది నిజం. ఐ ట్రిపుల్ ఈ అంకెలను ఐబీఎంగా చదివితే విలువ పెరుగుతూ పోయి 2 దగ్గర, 8 దగ్గర, 32 దగ్గర ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. అందుకే శిఖరాలు విరిగాయి. రెండో దిశలో, అంటే ఐబీఎం అంకెలను ఐ ట్రిపుల్ ఈగా చదివితే, అలా జరగదు. పెద్దది పెద్దదిగానే, చిన్నది చిన్నదిగానే మిగులుతుంది, వరుస చెదరదు. గుర్తు బిట్ రెంటిలోనూ ఒకేచోట ఉంటుంది కాబట్టి పాజిటివ్ పాజిటివ్‌గానే ఉంటుంది. పీకు ఉన్న శాంపిల్‌లోనే పీకు, ట్రఫ్ ఉన్నచోటే ట్రఫ్. హొరైజన్ పికింగ్‌కు కావాల్సింది అంతే. కాబట్టి బొమ్మను చూసి ఎవరికీ అనుమానం రాదు.

మూడో ప్రయత్నంగా 16 బిట్ పూర్ణాంకాల్లో ఇస్తే గొడవ వదులుతుందని ఒక సూచన వచ్చింది. నేను అడుగుపెట్టింది ఆ దశలోనే. ముందు దాన్ని ఆపమన్నాను. పూర్ణాంకాల్లోకి మార్చేటప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లు ట్రేసుకో స్కేలు, లేదా ఫైలుకో స్కేలు వేసుకుంటాయి. మూడు యాంగిల్ స్టాక్‌లకు మూడు వేర్వేరు స్కేళ్లు పడితే, ఉన్న ఏవీఓ కూడా నిజంగానే పోతుంది. అప్పుడు అసలు జబ్బేదో మందు వల్ల వచ్చిందేదో విడదీయలేం.

దారి దొరికిన చోటు

నేను ముందుగా అడిగింది యాంగిల్ స్టాక్‌ల ఆంప్లిట్యూడ్ స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలం ఉందో చూపేది), అదీ ఇంటర్‌ప్రిటేషన్ వర్క్‌స్టేషన్‌లో లోడ్ అయిన డేటా మీద. ఎందుకంటే చివరి ఫ్లోలో 80 హెర్ట్జ్ దగ్గర హై కట్ ఫిల్టర్ ఉంది. 2 మిల్లీసెకన్ల శాంప్లింగ్‌కు నైక్విస్ట్ (ఆ శాంప్లింగ్ పట్టగల గరిష్ఠ ఫ్రీక్వెన్సీ) 250 హెర్ట్జ్. కాబట్టి 80 దాటి కొంచెం వెళ్లేసరికి స్పెక్ట్రమ్ చచ్చిపోవాలి. ఫుల్ స్టాక్‌లో అలాగే ఉంది. మూడు యాంగిల్ స్టాక్‌లలోనూ 250 దాకా తోక సాగింది.

ఈ ఒక్క బొమ్మతో వెతకాల్సిన చోటు కుంచించుకుపోయింది. ఫిల్టర్ కోసేసిన ఫ్రీక్వెన్సీలో శక్తి ఉందంటే, అది ఫిల్టర్ తర్వాత పుట్టింది. ఫిల్టర్ తర్వాత ఉన్నవి ఆ గెయిన్, ఎక్స్‌పోర్ట్, లోడింగ్ మాత్రమే. గెయిన్ నెమ్మదిగా మారేది, ఇంత తోక పుట్టించలేదు. ఇంత తోక రావాలంటే ప్రతి శాంపిల్ విలువనూ విడిగా వంచేసే ఏదో జరగాలి. సర్ఫేస్ కన్సిస్టెంట్ స్కేలింగ్‌ను తవ్వడం ఆ పూటే ఆపించాం.

తర్వాత నాలుగు ఫైళ్ల బైనరీ హెడర్లు పక్కపక్కన పెట్టాను. నాలుగింట్లోనూ ఫార్మాట్ కోడ్ 5. తేడా ఇంకోచోట ఉంది. రివిజన్ నంబరు ఉండే 3501–3502 బైట్లు ఫుల్ స్టాక్‌లో 01 00, అంటే రివిజన్ 1. యాంగిల్ స్టాక్‌లలో 00 00. 1975 నాటి ఫార్మాట్‌లో కోడ్‌లు 1 నుంచి 4 వరకే ఉన్నాయి, 5 లేనే లేదు. తనను తాను రివిజన్ 0 అని చెప్పుకుంటూ కోడ్ 5 పెట్టుకున్న హెడర్‌ను ప్రామాణిక మాడ్యూల్ రాసి ఉండదు. ఎవరో చేత్తో కట్టారు. ఇది రుజువు కాదు, ఇలాంటి ఫైళ్లు లోకంలో బోలెడు తిరుగుతుంటాయి, చాలావరకు సరైనవే. కానీ ఏ ఫైళ్లు ఒక దారిన వచ్చాయో, ఏవి వేరే దారిన వచ్చాయో చెప్పింది.

ఇక శాంపిళ్లు. ఫార్ స్టాక్ నడుమనుంచి ఒక ట్రేసు తీసి హెక్స్ డంప్ (బైట్లను 16 ఆధారపు అంకెల్లో చూపేది) చూశాను. మొదటి బైట్ చూస్తే ఏమీ తేలదు. ఈ స్థాయి ఆంప్లిట్యూడ్‌లకు ఐబీఎంలోనూ ఐ ట్రిపుల్ ఈలోనూ 40, 41 లాంటివే వస్తాయి. చూడాల్సింది మూడో హెక్స్ అంకె. ఐబీఎం ఫ్లోట్ ఆధారం 16. అంకెను నార్మలైజ్ చేసి రాస్తే ఎక్స్‌పోనెంట్ బైట్ తర్వాత వచ్చే మొదటి హెక్స్ అంకె సున్నా కాకూడదు. ఐ ట్రిపుల్ ఈలో అలాంటి నియమం లేదు, అక్కడ సున్నా తరచూ తగులుతుంది. ఉదాహరణకు ఐబీఎంలో 1.0 అంటే 41 10 00 00. అందులో మూడో అంకె 1. డంప్‌లో వరుసలకు వరుసలు దిగినా, మ్యూట్‌లోని (కావాలని సున్నా చేసిన భాగంలోని) పూర్తి సున్నా శాంపిళ్లు తప్పిస్తే, మూడో స్థానంలో సున్నా ఒక్కటీ కనబడలేదు. ఫుల్ స్టాక్‌లో అదే ట్రేసు తీస్తే మొదటి తెరలోనే ఎన్నో తగిలాయి.

అదే విషయాన్ని బైట్ల జోలికి పోనివాళ్లకు చూపించడానికి హిస్టోగ్రామ్ వేశాను. 41 10 00 00ను ఐ ట్రిపుల్ ఈగా చదివితే 9.0 వస్తుంది. 2.0ది 41 20 00 00, చదివితే 10.0. నిజానికి 1 నుంచి 8 లోపు ఏ విలువకైనా కచ్చితంగా 8 కలుస్తుంది. 1కి కొంచెం తక్కువైనది 8కి కొంచెం తక్కువగా వస్తుంది, 1 మాత్రం 9కి ఎగురుతుంది. అంటే 8కీ 9కీ నడుమ ఏ శాంపిలూ పడే వీలు లేదు. అలాగే 2కూ 2.25కూ నడుమ, 32కూ 36కూ నడుమ, 128కీ 144కూ నడుమ. లోడ్ అయిన ఫార్ స్టాక్ హిస్టోగ్రామ్‌ను సన్నని గళ్లతో వేస్తే 8–9 నడుమ నేల కనబడింది. కోట్ల శాంపిళ్లలో ఆ గడిలో ఒక్కటీ లేదు. పైగా మామూలు సైస్మిక్ హిస్టోగ్రామ్ సున్నా దగ్గర ఒకే మొన తేలాలి. ఇక్కడ సున్నాకు అటొక గుట్ట ఇటొక గుట్ట, నడుమ లోయ. ఆ సమావేశంలో ఇక వాదన జరగలేదు.

ఏవీఓ ఎందుకు చదునైందో కూడా ఇప్పుడు లెక్కకు వచ్చింది. నియర్‌లో −1, ఫార్‌లో −2 ఉంటే, చదివినప్పుడు −9, −10. రెండు రెట్ల తేడా కాస్తా 11 శాతానికి కుదించుకుపోయింది. ఆర్‌ఎంఎస్ 1 దగ్గర ఉండబట్టే దెబ్బ ఇంత గట్టిగా తగిలింది. అదే డేటా వందల్లో ఉండి ఉంటే, 100ను 57గా, 200ను 100గా చదివేవారు. నిష్పత్తి 1.75 వచ్చేది, కొంచెం తగ్గిందేమో అనుకుని ముందుకు పోయేవారు. ఆ ఊహ నన్ను ఎక్కువ కంగారు పెట్టింది.

కారణం

ఫుల్ స్టాక్‌ను ప్రాసెసింగ్ సిస్టమ్ ఎక్స్‌పోర్ట్ మాడ్యూలే నేరుగా రాసింది. యాంగిల్ స్టాక్‌లు విలీనానికి ముందరి లైన్ నంబర్లతో ఉండిపోవడంతో, వాటిని ముందు ఐబీఎం ఫ్లోట్‌లో బయటికి తీసి, ఒక సొంత స్క్రిప్టుతో కొత్త ఇన్‌లైన్, క్రాస్‌లైన్ (గ్రిడ్‌లోని నిలువు, అడ్డ వరుసల) నంబర్లు వేసి, లేని ట్రేసులకు సున్నాలు నింపారు. ఆ స్క్రిప్టు శాంపిళ్లను విప్పి చూడదు, బైట్లను ఉన్నవున్నట్టు కాపీ చేస్తుంది. బైనరీ హెడర్‌ను మాత్రం ఒక టెంప్లేట్ నుంచి కొత్తగా కడుతుంది. ఒప్పందంలో ఐ ట్రిపుల్ ఈ అని ఉంది కాబట్టి టెంప్లేట్‌లో 5 పెట్టారు. సరుకు మారలేదు, చీటీ మారింది.

మరి క్యూసీలో (నాణ్యత తనిఖీలో) దొరకలేదా? క్యూసీ చదివింది అదే స్క్రిప్టు తాలూకు లైబ్రరీతో. అది కోడ్ వైపు చూడదు, ఎప్పుడూ ఐబీఎం అనుకునే చదువుతుంది. రాసినవాడే చదివితే తప్పు తప్పుకు సరిపోయింది. ప్రాసెసింగ్ బృందం తెరమీద ఏవీఓ చక్కగా ఉంది, అందుకే వాళ్లు అంత గట్టిగా వాదించారు. వాళ్ల తెరమీద వాళ్లు చూసింది నిజమే.

సరిచేసిన తీరు

ఇక్కడ రెండు దారులున్నాయి. కోడ్ 5ను 1గా మార్చడం ఒకటి: ఫైలుకు రెండు బైట్లు, నిమిషంలో పని. సరైన ఐ ట్రిపుల్ ఈలో మొదటి నుంచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయడం రెండోది. మొదటిదాన్ని ఫార్ స్టాక్ కాపీ మీద అక్కడికక్కడే చేశాం, రోగ నిర్ధారణకు. లోడ్ చేయగానే స్పెక్ట్రమ్ తోక పోయింది, హిస్టోగ్రామ్ ఒకే మొనకు వచ్చింది. నియర్‌కూ అలాగే చేశాక బావి దగ్గర నిష్పత్తి సింథటిక్ దరిదాపుల్లోకి వచ్చింది.

అప్పగింతకు మాత్రం ఆ పద్ధతి వద్దన్నాను. ఒప్పందం ఐ ట్రిపుల్ ఈ అడిగింది, టెక్స్ట్ హెడర్‌లోనూ అదే రాసి ఉంది. కోడ్ ఒక్కటి మారిస్తే హెడర్ రెండు చోట్ల రెండు మాటలు చెబుతుంది. పైగా అప్పటికే ఆ ఫైళ్లు రెండు మూడు డిస్కుల్లోకి చేరాయి. అదే పేరు, అదే సైజు, రెండు బైట్ల తేడాతో రెండు తరాల ఫైళ్లు తిరిగితే, కొన్నేళ్ల తర్వాత ఏది ఏదో ఎవరికీ తెలియదు. కాబట్టి సిస్టమ్ లోపలే లైన్ నంబర్లు సరిచేసి, స్క్రిప్టు ప్రమేయం లేకుండా, కొత్త వెర్షన్ పేరుతో రాయించాం.

అలా రాయించిన మొదటి కాపీలో ఇంకో ముల్లు తగిలింది. సర్వే గ్రిడ్ వాలుగా ఉండటంతో బిన్ (గ్రిడ్ గడి) కేంద్రాల కోఆర్డినేట్లకు దశాంశాలున్నాయి. కొత్త ఫ్లోలో ఎవరో మిల్లీమీటర్ల దాకా కాపాడదామని 71–72 బైట్లలోని కోఆర్డినేట్ స్కేలర్‌ను −1000 పెట్టారు. రుణ సంఖ్య అంటే చదివేటప్పుడు భాగించాలని. ఉద్దేశం మంచిదే. కానీ 185–188 బైట్లలోని సీడీపీ వై (బిన్ కేంద్రపు ఉత్తర దిశ కోఆర్డినేట్, నార్తింగ్) ఒక 32 బిట్ పూర్ణాంకం, దాని గరిష్ఠం 2,14,74,83,647. నార్తింగ్ 26,84,512.50 మీటర్లు అనుకుంటే, వెయ్యితో గుణిస్తే 2,68,45,12,500. పట్టదు. చుట్టు తిరిగి −1,61,04,54,796గా నిలుస్తుంది, చదివితే −16,10,454.796 మీటర్లు. ఈస్టింగ్ ఆరంకెలదే కాబట్టి సరిగ్గా వచ్చింది, సగం తప్పు ఎప్పుడూ ఎక్కువ మోసం చేస్తుంది. స్కేలర్ −100 చేశాం. పన్నెండున్నర మీటర్ల బిన్‌కు సెంటీమీటర్ చాలు.

ఇది దొరికింది నాలుగు మూలల తనిఖీలో. గ్రిడ్ నిర్వచనం పీ6/98 (సర్వే గ్రిడ్ వివరాలకు వాడే ఫార్మాట్) ఫైల్లో విడిగా ఉంది. అందులోని నాలుగు మూలల ఇన్‌లైన్, క్రాస్‌లైన్, ఎక్స్, వైలను, సెగ్-వైలో 189–192, 193–196, 181–184, 185–188 బైట్ల నుంచి చదివిన వాటితో పోల్చాం. వర్క్‌స్టేషన్ మ్యాపులో సర్వే గడి అసలు చోటే కూర్చుందని చూసి తృప్తి పడితే ఇది తప్పిపోయేది. చాలా ప్యాకేజీలు ముందే నిర్వచించిన గ్రిడ్ మీద ఇన్‌లైన్, క్రాస్‌లైన్ నంబర్లతోనే ట్రేసులను కూర్చోబెడతాయి, ట్రేస్ హెడర్‌లోని కోఆర్డినేట్లను పట్టించుకోవు.

చివరగా తిరిగి చదివే పరీక్ష. ఫైళ్లను రాసిన సిస్టమ్‌తో సంబంధం లేని ఓపెన్ సోర్స్ లైబ్రరీ సెగ్‌వైఐఓతో చదివి, సిస్టమ్ లోపలి డేటాతో శాంపిల్‌కు శాంపిల్ తీసివేశాం. ఐ ట్రిపుల్ ఈకి ఐ ట్రిపుల్ ఈ కాబట్టి తేడా కచ్చితంగా సున్నా రావాలి, వచ్చింది. ఐబీఎంలో రాసి ఉంటే సున్నా ఆశించకూడదు. ఆధారం 16 కావడంతో పై హెక్స్ అంకెలో మూడు బిట్ల దాకా ఖాళీ పోవచ్చు, పది లక్షల్లో ఒక వంతు దాకా తేడా మామూలే. ఈ సంగతి తెలియక ఆ తేడాను చూసి బెంబేలెత్తినవాళ్లను చూశాను.

నేర్చుకున్నవి

ఈ కేసు తర్వాత మా అప్పగింతల్లో ఒక పరీక్ష ఫైలు ముందు వెళ్తోంది. ఒకే ఒక ట్రేసు, అందులో 1, 2, 100, −100 లాంటి తెలిసిన విలువలు, తెలిసిన కోఆర్డినేట్లు. అసలు డేటా వెళ్లే దారిలోనే, అదే స్క్రిప్టు ఉంటే దాని గుండానే, వెళ్లాలి. అవతలివాళ్లు బొమ్మ పంపనక్కర్లేదు, చదివిన అంకెలు పంపితే చాలు. 1 బదులు 9 అని తిరిగొస్తే జబ్బేమిటో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది.

ఫైలు సైజు లెక్క కూడా చేస్తాం. 3600 తీసేసి 240 + 4 × 3001, అంటే 12,244తో భాగిస్తే శేషం రాకూడదు, భాగఫలం ట్రేసుల సంఖ్య కావాలి. తెగిన ఫైళ్లను పట్టుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. కానీ ఈ కేసులో పనికిరాలేదని ఒప్పుకోవాలి: రెండు ఫ్లోట్‌లూ 4 బైట్లే కదా.

టెక్స్ట్ హెడర్ మీద నాకు కొంచెం పట్టుదల ఎక్కువ. వచ్చిన ఫైళ్లలో 40 వరుసల్లో 30 ఖాళీగానో, ఇంకేదో సర్వే నుంచి కాపీ కొట్టినవిగానో ఉంటున్నాయి. కోఆర్డినేట్ సిస్టమ్, డేటమ్, నాలుగు మూలలు, ఇన్‌లైన్ క్రాస్‌లైన్ ఏ బైట్లలో ఉన్నాయో, శాంపిల్ ఫార్మాట్ ఏదో, ఇంపెడెన్స్ పెరిగితే పీకా ట్రఫ్ఫా అన్నదీ మాటల్లో ఉండాలి. "నార్మల్ పోలారిటీ" అని మాత్రం రాయవద్దంటాను, ఆ మాటకు ఇద్దరు మనుషులు రెండు అర్థాలు తీస్తారు.

స్క్రిప్టులను నిషేధించాలని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. హెడర్లు సరిచేసే చిన్న స్క్రిప్టులు లేకుండా ఈ వృత్తి నడవదు. మేం పెట్టుకున్న నియమం ఇంతే: శాంపిళ్లను విప్పని స్క్రిప్టు ఫార్మాట్ కోడ్‌నూ ముట్టకూడదు, ఇన్‌పుట్‌లో ఏదుంటే అదే అవుట్‌పుట్‌కు పోవాలి. కోడ్ మార్చాలంటే శాంపిళ్లను మార్చి రాయాలి.

అదే స్క్రిప్టు గుండా వెళ్లిన పాత అప్పగింతలను కూడా తిరగేయాల్సి వచ్చింది. సిస్టమ్ లోపలి కాపీ ఉన్నవాటిని మళ్లీ రాశారు. ఒకదానికి లోపలి కాపీ లేదు, టేపు మీద సెగ్-వై ఒక్కటే మిగిలింది. దానికి మూడో అంకె పరీక్షే ఆధారం. అసలు ఫైలును అలాగే ఉంచి, సరైన ఫ్లోట్‌లోకి మార్చిన కాపీని వేరే పేరుతో పెట్టి, ఏం చేశామో టెక్స్ట్ హెడర్‌లో ఒక వరుస రాశాం.

ఆ పరీక్షకు ఒక హద్దు ఉంది. తప్పుగా లోడ్ అయిన వాల్యూమ్ మీద ఎవరైనా స్కేలింగ్, రీశాంప్లింగ్, ఫిల్టరింగ్ లాంటిది చేసి తిరిగి సెగ్-వైగా రాస్తే, 8–9 నడుమ ఖాళీ నిండిపోతుంది, మూడో అంకెలో సున్నాలు వచ్చేస్తాయి. ఇక ఫైలును చూసి ఏదీ తేల్చలేం. అందుకే ఇంటర్‌ప్రిటేషన్ బృందం ఆ యాంగిల్ స్టాక్‌ల నుంచి తయారుచేసుకున్న ఆట్రిబ్యూట్ వాల్యూములను, నిష్పత్తి మ్యాపులను, మొదటి విడత ఇన్వర్షన్‌ను సరిచేసే ప్రయత్నం చేయకుండా తొలగించి, కొత్త ఫైళ్ల నుంచి మళ్లీ మొదలుపెట్టింది. హొరైజన్లను మాత్రం ఉంచుకున్నారు. వాటి టైమ్‌లను కొత్త యాంగిల్ స్టాక్‌ల మీద పోల్చి చూస్తే, పీకుల చుట్టూ ఇంటర్‌పొలేషన్ వల్ల వచ్చిన శాంపిల్‌కు లోపు తేడాలే కనబడ్డాయి. మళ్లీ స్నాప్ చేస్తే అవీ సర్దుకున్నాయి.